మన మాట మోసుకెళ్లిన పిట్ట

పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

1713లో ఇంగ్లండ్‌లో జేమ్స్ పెటివర్ అనే ఆయన ఒక పక్షి బొమ్మ అచ్చువేయించాడు. దాన్ని పంపింది మద్రాసు సెయింట్ జార్జి కోటలో వైద్యుడు ఎడ్వర్డ్ బక్లీ. బొమ్మతోపాటు మన తెలుగు పేరు కూడా వెళ్లింది: పొన్నంకి పిట్ట. 1766లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీన్ని కాకుల్లో కలిపేశాడు. 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు విడదీసి, దీని ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, 'పిట్ట' అనే పేరే ఖాయం చేశాడు. ఇవాళ ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న దీని చుట్టాలన్నీ, నలభైకి పైగా జాతులు, లోకానికి పిట్టలే. మన అమ్మమ్మలు ఏ చిన్న పక్షిని చూసినా అనే మాట అది! ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా మనసు నిండిపోతుంది.

గోరింక కంటే చిన్నది. వీపు ఆకుపచ్చ, పొట్ట గంధం రంగు, గొంతు తెలుపు, రెక్క మీద మెరిసే నీలం, తోక కింద ఎరుపు, కంటి మీదుగా కాటుక గీత. హిందీలో నవరంగ్ అంటారు. ఇన్ని రంగులున్నా కనపడదు. పొదల నీడలో నేల మీదే గెంతుతూ, ఎండుటాకులు తిరగేసి పురుగులు, వానపాములు ఏరుకుంటుంది. ముందు వినపడేది ఈలే, రెండు స్వరాల ఈల. పొద్దున, సాయంత్రం పిలుస్తుందని తమిళులు 'ఆరుమణి కురువి', అంటే ఆరు గంటల పిట్ట అన్నారు. చాలా పాటల పక్షులు పెద్దవాటి పాట విని నేర్చుకుంటాయి. ఈ పిట్ట తెగకు మాత్రం ఈల పుట్టుకతోనే వస్తుంది.

వానాకాలంలో హిమాలయాల దిగువ అడవుల్లో, మధ్య భారతంలో, పడమటి కనుమల్లో గూడు కడుతుంది. ఎండుటాకులతో, గడ్డితో బంతిలాంటి గూడు, దానికి పక్కన గుమ్మం. వానలు తగ్గాక దక్షిణాదికి, శ్రీలంకకు బయలుదేరుతుంది. 50, 60 గ్రాముల ప్రాణి, రాత్రిపూట ప్రయాణం! దారిలో అలసి, దీపాల వెలుగుకు తికమకపడి, ఇళ్లలోకి, బాల్కనీల్లోకి వచ్చి పడిపోతుంది.

అందుకే ఒక్క మాట అడుగుతాను. మీ ఇంట్లో అలా పడితే పంజరం వద్దు, ఫొటోల కోసం చుట్టూ గుంపు వద్దు. ముక్కు తెరిచి నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి, పిల్లులకు దూరంగా, చీకటిగా ఉన్న గదిలో పెట్టండి. రెక్క విరిగినట్టుంటే అటవీశాఖ వాళ్లకు చెప్పండి. బాగుంటే తెల్లవారుజామున, కాకులు లేవకముందే, చెట్ల కింద పెట్టె మూత తీసి వెనక్కి జరగండి. దానికి ఇంకా చాలా దూరం ఉంది.