వాచీలో హార్ట్ రేట్ జోన్లు సరిచేసుకుందాం రండి | విజయనగరం నుంచి

అందరికీ నమస్తే. వినపడుతోందా? గాలి గట్టిగా ఉంది, అందుకే మైకు చొక్కాకి తగిలించాను. వెనకాల ఉన్నది మన అయోధ్య మైదానం, టైము పొద్దున్న అయిదున్నర. ఈ రోజు ఫిట్‌నెస్ వాచీలో హార్ట్ రేట్ జోన్లు ఎలా సెట్ చేసుకోవాలో చూద్దాం. జోన్లంటే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో దాన్ని బట్టి వాచీ వేసే అయిదు మెట్లు, ఒకటి తేలిక, అయిదు బాగా కష్టం. రీల్స్‌లో అందరూ జోన్ టూ, జోన్ టూ అంటున్నారు కదా, అదే.

ఇప్పుడు దీని గోల ఎందుకంటే, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అని ఒక సంస్థ ఉంది, ఏటా ఫిట్‌నెస్ ట్రెండ్ల జాబితా ఇస్తుంది. 2018కి అందులో ఒకటో నంబరు హిట్, అంటే దమ్ము తీసేసే చిన్న చిన్న వర్కౌట్లు. 2021కి, కరోనా పుణ్యమా అని, ఆన్‌లైన్ ట్రైనింగ్. 2024కీ 2025కీ మాత్రం ఒకటో నంబరు ఈ చేతికి పెట్టుకునేవే. మా వాకింగ్ బ్యాచ్ ఎనిమిది మందిలో అయిదుగురికి ఉన్నాయి. సెట్టింగ్స్ తెరిచినవాడు ఒక్కడూ లేడు.

సరే, స్క్రీన్ చూడండి. యాప్ తెరిచాను, ప్రొఫైల్, ఇదిగో పుట్టిన తేదీ, బరువు, ఎత్తు, సేవ్. మీ యాప్‌లో పేర్లు కొంచెం వేరుగా ఉండొచ్చు, వెతికితే దొరుకుతాయి. పుట్టిన తేదీ ఒక్కటి మళ్ళీ చూసుకోండి. చాలామందికి యాప్ ముందే పెట్టి ఉంచిన తేదీయే ఉండిపోతుంది, దాంతో జోన్లన్నీ ఇంకెవరివో అవుతాయి.

ఇక్కడ ఆగుదాం. జోన్ల కంటే ముందు వాచీ చేతికి సరిగ్గా పెట్టుకోవాలి, ఆ స్టెప్పు దగ్గరే నేను మూడు రోజులు నిద్రపోలేదు.

కొత్తగా కొన్నాను. ఇక్కడి నుంచి కోట చుట్టూ తిరిగి రావాలని మెల్లగా పరుగు మొదలుపెట్టా. రెండు నిమిషాలకే వాచీ బుర్రుమంటోంది. చూస్తే 168, ఎర్ర రంగు, జోన్ ఫైవ్. నాకేమో ఆయాసమే లేదు, పక్కనున్న బావతో కబుర్లు చెబుతూనే పరిగెడుతున్నా. మర్నాడూ 168. ఇక టెన్షన్. ఈసీజీ తీయించుకున్నా, అంతా బాగానే ఉందన్నారు. బావే అన్నాడు, "ఏటి బావా, కొట్టుకుంటున్నది నీ గుండా, ఆ వాచీయా?" అని.

అప్పుడు వెలిగింది. పరిగెడుతూ నా అడుగులు లెక్కపెట్టా. పది సెకన్లలో 28. ఆరుతో గుణించండి... 168! వాచీ చూపిస్తున్నది గుండె కాదు, నా అడుగులు. వెంటనే ఆగి, ఇలా, దవడ కింద ఇక్కడ రెండు వేళ్ళు పెట్టి లెక్కపెట్టా. పది సెకన్లలో 23, అంటే 138. ఆగగానే లెక్కపెట్టాలండోయ్, నిమిషమంతా లెక్కపెడుతూ కూర్చుంటే ఈలోపు గుండె నెమ్మదిస్తుంది.

ఎందుకలా అయిందంటే, వాచీ తిప్పి చూపిస్తాను... ఇదిగో పచ్చ లైటు. రక్తం ఈ పచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరుగుతుంది, తగ్గుతుంది, తిరిగొచ్చే వెలుగు ఆ లెక్కన మారుతుంది. పట్టీ వదులుగా ఉంటే అడుగు పడ్డప్పుడల్లా వాచీ ఎగిరి, ఆ కుదుపునే గుండె చప్పుడు అనుకుంటుంది. నేనేమో గాజులా వేలాడేసుకున్నాను మరి.

కాబట్టి పరుగుకి ముందు ఇలా, మణికట్టు ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్ళ పైకి జరపండి. ఒక కన్నం బిగించండి. చూడండి, చర్మం కదిలితే వాచీ కూడా దాంతోపాటే కదలాలి. చెమట తుడుచుకుని పెట్టుకోండి. పరుగయ్యాక మళ్ళీ వదులు చేసుకోవచ్చు.

కొండవెలగాడ నుంచి వెయిట్ లిఫ్టింగ్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎవరైనా చూస్తుంటే, మీకు ఇదీ సరిగా పనిచేయదు. బార్ పట్టుకుని మణికట్టు వంచితే లెక్క తప్పుతుంది. మీకు ఛాతీ పట్టీయే మేలు. అది వెలుగుతో కాదు, గుండె విద్యుత్తుతో లెక్కేస్తుంది. కొత్తదేం కాదు, ఫిన్లాండ్‌లో పోలార్ వాళ్ళు 1980లలోనే అమ్మారు. పెట్టుకునే ముందు కాస్త తడపాలంటారు, మన ఉక్కలో ఆ పని చెమటే చేస్తుంది.

సరే, జోన్లు. ఇక్కడ, మాక్సిమం హార్ట్ రేట్. చాలా యాప్‌లు 220లోంచి వయసు తీసేస్తాయి. ఇంకో లెక్క 2001లో వచ్చింది, 208లోంచి వయసులో పదింట ఏడొంతులు తీసేయాలి. నాకు 40 ఏళ్ళు, రెండిట్లోనూ 180 వస్తుంది, గొడవ లేదు. మా మావయ్యకి 60. మొదటి లెక్కలో 160, రెండోదాంట్లో 166. రెండూ అంచనాలే, మనిషి మనిషికీ తేడా ఉంటుంది.

దీని కింద రెస్టింగ్ హార్ట్ రేట్. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, కాఫీకి ముందే, నిమిషం లెక్కపెట్టండి. మూడు రోజులు చూసి సగటు వేయండి. నాది 64. ఇప్పుడు ఈ బటన్, 'హార్ట్ రేట్ రిజర్వ్', నొక్కండి. చూశారా, అంకెలు మారిపోయాయి! మాక్సిమంలో 60 నుంచి 70 శాతం అంటే జోన్ టూ 108 నుంచి 126. నేను గట్టిగా నడిస్తేనే దాటిపోతుంది. రిజర్వ్ అంటే 180లోంచి 64 తీసేస్తే 116, అందులో 60 నుంచి 70 శాతానికి మళ్ళీ 64 కలపాలి. 134 నుంచి 145. నా 138 ఇందులో సరిగ్గా కూర్చుంది. నేనైతే ఇదే వాడతాను.

అంకెల మీద నమ్మకం లేకపోతే పాత పద్ధతి ఉంది. మాట రావాలి, పాట రాకూడదు, అదే మధ్యస్థంగా కష్టపడటం. తప్పెటగుళ్ళు వేసేవాళ్ళకి మాత్రం ఇది చెప్పకండి. గుండెల మీద తప్పెట వాయిస్తూ, ఎగురుతూ, పైగా పాడతారు!

సేవ్ కొట్టేశాను. మావయ్య వాచీ కూడా ఇదే, తెచ్చాను, కానీ ఆయన మాక్సిమం మార్చలేదు. బీపీ మాత్ర వేసుకుంటారు. బీటా బ్లాకర్ రకం మాత్రలైతే గుండె వేగాన్ని పెరగనివ్వవు, ఈ లెక్కలు ఆయనకి కుదరవు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, చీటీ చూపించి అడిగి, వచ్చాక ఆ గడి నింపుతాను.