41వ ఎపిసోడ్: తలలో నీరు, ఉగాండా దారి

మరిది: అందరికీ నమస్కారం. కుంకుడుకాయల ఎపిసోడ్ తర్వాత మూడు వారాలు గ్యాప్ వచ్చింది. వదిన మత్తు డాక్టరు కదా, వరసగా నైట్ డ్యూటీలు, నేనేమో ఉగాండా రాజధాని కంపాలా వెళ్ళొచ్చాను. అడిగింది పెట్టమని రాశారు కదా, ఇవాళ అదే. పేద దేశాల్లో పసిపిల్లలకి ఆపరేషన్లు ఎందుకు అందట్లేదు, ఎట్లా అందుతాయి.

వదిన: ఈసారన్నా చివరిదాకా చెప్పు. పోయినసారి సగంలో వదిలేశావని మన శ్రోతల్లో పెసరట్టు బ్యాచ్ మొత్తం నాకు మెసేజులు.

మరిది: రాసుకొచ్చాను వదినా. నాలుగు పాయింట్లు. మొదటిది, 170 కోట్లు. ప్రపంచంలో ఆపరేషన్ అవసరం పడితే సురక్షితంగా, సమయానికి, ఆస్తి అమ్ముకోకుండా చేయించుకునే దారి లేని పిల్లలు, టీనేజీ వాళ్ళు అంతమంది ఉన్నారని 2019లో లెక్క వేశారు. రెండోది, 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 74 దేశాలు, 264 ఆసుపత్రులు. పుట్టుకతోనే పేగుల్లో లోపం ఉన్న పిల్లల్ని చూశారు. డబ్బున్న దేశాల్లో నూటికి 5.6 మంది పోయారు. మధ్యస్థ దేశాల్లో 20.4. పేద దేశాల్లో 39.8.

వదిన: గ్యాస్ట్రోస్కైసిస్ విడిగా చెప్పు.

మరిది: బొడ్డు పక్కనుంచి పేగులు బయటికొచ్చి పుడతారు కదా, ఆ పిల్లలు డబ్బున్న దేశాల్లో నూటికి 1.4 మంది పోయారు. పేద దేశాల్లో 90 మంది.

వదిన: తొంభై. అంటే అక్కడ ఆ జబ్బుతో పుట్టడమంటే పోవడమే. ఇక్కడ ఆ పాపని మూడు నెలల తర్వాత పాలపీకతో తీసుకొచ్చి చూపిస్తారు. సరే, ఆ అధ్యయనంలో మత్తు సంగతి ఏం రాశారు?

మరిది: మీరు అడుగుతారని తెలుసు. చావుకి దగ్గర కారణాలు చూస్తే, వెంటిలేటర్ కావలసినప్పుడు లేకపోవడం ఒకటి, నరానికి ఎక్కించే ఆహారం లేకపోవడం ఒకటి, వచ్చేసరికే ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకిపోయి ఉండడం ఒకటి. ఆపరేషన్ ముందు చదివే చెక్‌లిస్టు వాడకపోవడం కూడా ఉంది.

వదిన: చూశావా? ఇందులో కత్తి ఒక్కచోటైనా ఉందా? సర్జన్లు తక్కువ, సర్జన్లు తక్కువ అని అందరూ అంటారు. తక్కువే, కాదనను. కానీ మూడు కేజీల బిడ్డ ఒంట్లో రక్తం ఎంతుంటుందో తెలుసా? పావు లీటరు. ఒక గ్లాసు మజ్జిగంత. అందులో రెండు చెంచాలు పోయినా నాకు గుండె దడ. గది చల్లగా ఉంటే పది నిమిషాల్లో బిడ్డ చల్లబడిపోతుంది. ట్యూబు అర మిల్లీమీటరు పెద్దదైతే గొంతు వాచిపోతుంది. లక్ష మందికి కనీసం ఐదుగురు మత్తు డాక్టర్లు ఉండాలని మా అంతర్జాతీయ సమాఖ్య అంటుంది. ఆ దేశాల్లో చాలాచోట్ల ఒక్కరు కూడా లేరు.

మరిది: ఉగాండాలో డాక్టర్లు కాని వాళ్ళే ఎక్కువచోట్ల ఇస్తారు. అనస్థీషియా ఆఫీసర్లు అంటారు.

వదిన: వాళ్ళకి నా దండం. ఒక్కరే ఉండి, పెద్దవాళ్ళ వేలికి పెట్టే ఆక్సీమీటరుతో పసిబిడ్డని చూసుకుంటూ మత్తు ఇవ్వడం మామూలు విషయం కాదు. ఆ వేలికి అది నిలవదు, పాదానికి చుట్టేది కావాలి. సరే, నీ మూడో పాయింటు చెప్పు.

మరిది: మూడోది ఎంబాలే. అసలు నేను చెప్పాలనుకున్నది అదే వదినా, మిగతా మూడూ దాని కోసమే రాసుకున్నాను.

వదిన: అయితే చెప్పు.

మరిది: కంపాలా నుంచి తూర్పుగా 230 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎల్గాన్ కొండ కింద ఊరు. అక్కడ 2001లో పిల్లల మెదడు ఆపరేషన్ల కోసం క్యూర్ అనే ఆసుపత్రి తెరిచారు. బెంజమిన్ వార్ఫ్ అని అమెరికా సర్జన్, కుటుంబంతో సహా వెళ్ళాడు. వెళ్ళేసరికి ఎక్కడ చూసినా తలలో నీరు చేరిన పిల్లలే.

వదిన: హైడ్రోకెఫలస్.

మరిది: అదే. మెదడు లోపలి గదుల్లో నీరు ఊరుతూనే ఉంటుంది, బావిలో ఊటలాగ. బయటికి పోయే దారి మూసుకుపోతే నిండిపోతుంది. పసిపిల్లల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి తలే పెరిగిపోతుంది.

వదిన: మాడు ఉబ్బుతుంది. కనుగుడ్లు కిందికి వాలిపోతాయి. ఆ చూపు ఒక్కసారి చూస్తే మర్చిపోలేం.

మరిది: మామూలుగా షంట్ వేస్తారు. సన్నటి గొట్టం, తల నుంచి చర్మం కిందగా పొట్టలోకి. నీరు అక్కడికి పోయి ఒంట్లో కలిసిపోతుంది. ఇబ్బందేమిటంటే ఆ గొట్టం మూసుకుపోతుంది. అన్నీ ఉన్న దేశాల్లోనే రెండేళ్ళు తిరిగేసరికి దాదాపు సగం పాడవుతాయి. ఆ దేశాల్లో అయితే అదే రాత్రి అంబులెన్సులో తీసుకెళ్ళి మారుస్తారు.

వదిన: ఎంబాలే దాటి ఇంకో వంద కిలోమీటర్ల అవతల పల్లెలో మూసుకుపోతే?

మరిది: అదే వార్ఫ్‌ని నిద్రపోనివ్వలేదు. ఎండోస్కోపుతో లోపలికెళ్ళి మూడో గది నేలకి చిన్న చిల్లు పెట్టడం అప్పటికే ఉంది. కానీ ఏడాది లోపు పిల్లల్లో అది అంతగా పనిచేసేది కాదు. ఆయన దానికి ఇంకోటి కలిపాడు. నీరు ఊరే కణజాలం ఉంటుంది కదా...

వదిన: కోరాయిడ్ ప్లెక్సస్.

మరిది: దాన్ని కొంత కాల్చేయడం. ఊట తగ్గించి, దారి తెరవడం. ఏడాది లోపు పిల్లల్లో చిల్లు ఒక్కటే పెడితే 47 శాతం మందికి పనిచేసేది, రెండూ కలిపితే 66 శాతం అని 2005లో రాశాడు. ఒంట్లో గొట్టం ఉండదు, అది మూసుకుపోతుందన్న భయం ఉండదు. ఆయన అమెరికా తిరిగి వెళ్ళిపోయాక ఆయన దగ్గర నేర్చుకున్న ఉగాండా సర్జన్ జాన్ ముగాంబా కొనసాగించారు.

వదిన: ఆగు. ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. అక్కడే వంద మంది పసిపిల్లల మీద చేసిన ట్రయల్ ఫలితం 2017లో వచ్చింది కదా, సగం మందికి షంటు, సగం మందికి ఈ పద్ధతి. ఏడాది తర్వాత తెలివితేటల్లో తేడా లేదన్నారు. మరి షంటే చాలు కదా? ఎండోస్కోపు కొనాలి, నేర్పాలి, రిపేర్లు చూడాలి. అట్లాంటి యంత్రం ఎన్నాళ్ళు పనిచేస్తుందో నీకే బాగా తెలుసు.

మరిది: తేడా లేదంటే ఓడిపోయినట్టు కాదు వదినా. సమానమైనప్పుడు ఏది ఎంచుకోవాలి? చిల్లు పెట్టింది పాడైతే చాలామటుకు మొదటి ఆరు నెలల్లోనే పాడవుతుంది. ఆ గండం దాటితే అమ్మకి చాలావరకు నిశ్చింత. షంటుకి ఆ నిశ్చింత ఎప్పటికీ రాదు.

వదిన: కానీ ఆ మొదటి ఆరు నెలలు ఎవరు చూస్తారు? తల కొలత ఎవరు తీస్తారు? షంటు మూసుకుపోతే బిడ్డ వాంతులు చేసుకుంటుంది, మత్తుగా పడి ఉంటుంది, అమ్మకి తెలుస్తుంది. తల నెమ్మదిగా పెరుగుతుంటే రోజూ ఎత్తుకునే తల్లికి తెలియదు. టేపు కావాలి, కొలిచే మనిషి కావాలి.

మరిది: అది ఒప్పుకుంటాను.

వదిన: ఇంకోటి. ఆ చవక షంటు సంగతి. 2005 నాటి లెక్కలో అక్కడి పిల్లలకి 35 డాలర్లది, అమెరికా పిల్లలకి 650 డాలర్లది. నాకది కడుపులో తిప్పింది. పేదవాడి బిడ్డకి తక్కువ సరుకా?

మరిది: అట్లా అనకండి. అది మన దేశంలో చేసిందే. ఛాబ్రా షంటు, ఉత్తరప్రదేశ్ షాజహాన్‌పూర్‌లో తయారవుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఉగాండా పిల్లల్లో ఏడాది చూశారు. ఇన్ఫెక్షన్లలో తేడా లేదు, పాడవడంలో తేడా లేదు, చావుల్లో తేడా లేదు. మన ఆసుపత్రుల్లోనూ అదే వేస్తారు కదా? మీరు మత్తు ఇచ్చిన పిల్లలకి ఏది వేశారు?

వదిన: అదే వేశారు.

మరిది: మరి?

వదిన: ఏమో. నీతో వాదించడానికి అనలేదు. బాగా పనిచేస్తే చవకైనా మంచిదే. కానీ చవకది వేశాం కదా, పని అయిపోయింది అనుకుంటారేమోనని నా భయం. మిగిలిన 615 డాలర్లు ఆ బిడ్డ బస్సు ఖర్చుకి వెళ్ళాలి. టేపుకి వెళ్ళాలి. మత్తు ఇచ్చేవాడి జీతానికి వెళ్ళాలి.

మరిది: మళ్ళీ మత్తు దగ్గరికే వచ్చారు.

వదిన: వస్తాను. ఇంకో పదిసార్లు వస్తాను. ఉగాండాలో 2001లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫీజులు తీసేశారు కదా?

మరిది: తీసేశారు. కానీ మందు స్టాకు లేకపోతే చీటీ రాసిస్తారు. చేతి తొడుగులు కూడా కొని తెమ్మంటారు కొన్నిచోట్ల. పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలంటే ముందు బోడా మీద, అంటే మోటార్‌సైకిలు, తర్వాత వ్యాను, తోడు వచ్చే మనిషికి తిండి. ఇంటి దగ్గర మిగతా పిల్లలు. ఆరోగ్యశ్రీ 2007లో రాకముందు మన దగ్గర ఆవుని అమ్మి హైదరాబాదు వచ్చేవాళ్ళు, గుర్తుందా? అచ్చం అదే.

వదిన: గుర్తులేకపోవడం ఏమిటి, మన పెదనాన్నగారి ఇంట్లోనే... సరే వద్దు.

మరిది: అసలు విషయం ఇంకోటి ఉంది. అక్కడ ఆ పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి ఇది పుట్టుకతో వచ్చింది కాదు. పుట్టిన నెలలోపు జ్వరం, ఫిట్సు, అది తగ్గుతుంది, ఇంటికెళ్తారు. నెల రెండు నెలల తర్వాత తల పెరగడం మొదలు. ఏ సూక్ష్మజీవో చాలా ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. మామూలుగా పెంచి చూస్తే ఏమీ మొలిచేది కాదు. 2020లో ఆ నీటిలోని జన్యుపదార్థం చదివి పేనిబాసిల్లస్ అనే బ్యాక్టీరియా అని పట్టుకున్నారు.

వదిన: అంటే ఆ మొదటి జ్వరాన్ని సరిగ్గా వైద్యం చేస్తే, చాలామందికి నా దాకా రావలసిన అవసరమే ఉండదు.

మరిది: మీ దాకా రాకూడదనే.

వదిన: నిజంగా రాకూడదు. నాకు అంతకంటే ఏం కావాలి. ... నాలుగోది ఏమిటి?

మరిది: దానంగా వచ్చిన యంత్రాలు. పేద దేశాల ఆసుపత్రుల్లో వైద్య పరికరాలు సుమారు 40 శాతం పనిచేయడం లేదని ఒక లెక్క. 110 వోల్టులది తెచ్చి 240లో పెడితే ఏమవుతుంది? నేనీసారి ఒకచోట గోడవారగా చూశాను, ఆక్సిజన్ యంత్రం, ఫిల్టరు మారిస్తే చాలు. రెండేళ్ళుగా అలాగే ఉందట. మార్చాను. ముప్పావు గంట పని. పక్క వార్డులో ఒకే సిలిండరుకి ముగ్గురు పిల్లలున్నారు.

వదిన: ఫిల్టరు దొరికిందా అక్కడ?

మరిది: నా సంచిలో ఉంది. నాలుగు పట్టుకెళ్ళాను.

వదిన: ఈసారి నలభై పట్టుకెళ్ళు. నేను డబ్బులిస్తాను.

మరిది: అక్కడ ఒకమ్మ కనిపించింది వదినా. పాపకి ఐదు నెలలు. షంటు వేశారు, బాగుంది. ఊరు చాలా దూరం. ఏదన్నా అయితే ఏం చూడాలో నర్సు చెప్తుంటే బట్టకి ముడులు వేసుకుంటోంది, ఒక్కో గుర్తుకి ఒక్కో ముడి. వాంతులకి ఒకటి, మాడు ఉబ్బితే ఒకటి, కళ్ళకి ఒకటి. నా నంబరు కూడా ఇచ్చాను, వెళ్ళాక ఫోన్ చెయ్యమని.

వదిన: చేసిందా?

మరిది: లేదు. నేను చేస్తే కలవలేదు. అక్కడ చార్జింగు కోసం కూడా ఊళ్ళోకి నడవాలి.

వదిన: ఎప్పుడు చేశావు?

మరిది: ఆదివారం.

వదిన: ఇవాళ గురువారం. అక్కడ ఇప్పుడు టైమెంత?

మరిది: రెండున్నర గంటలు వెనక. ఆరున్నర అయి ఉంటుంది.

వదిన: మెలకువగానే ఉంటుంది. చెయ్యి.

మరిది: ఇప్పుడా? రికార్డింగు నడుస్తోంది.

వదిన: ఆపెయ్యి. ముందు ఫోన్ చెయ్యి.