మేఘాలయ గురించి మాట్లాడమన్నారు

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకీ, కుర్చీ దొరక్క గోడకి ఆనుకుని నిలబడ్డ మా పెన్షనర్ల సంఘం మిత్రులకీ. శాలువా కప్పేశారు, సంతోషం, కానీ ఉక్కగా ఉంది, తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

ఇరవై నిమిషాలు మేఘాలయ యాత్ర గురించి చెప్పమన్నారు. కరపత్రంలో కూడా అదే వేశారు. చెబుతాను. కానీ విజయనగరంలో రైలెక్కి తిన్నగా షిల్లాంగులో దిగలేం కదా. మేం హౌరాలో దిగి, అక్కణ్ణించి గౌహతి రైలు పట్టుకున్నాం. మధ్యలో రెండు రోజులు కలకత్తాలో ఆగేట్టు టూరు వాళ్లు వేశారు. ఆ రెండు రోజులూ గబగబా చెప్పేసి కొండెక్కుదాం. అయిదు నిమిషాలు చాలు.

మొత్తం ఇరవై ఇద్దరం. బీపీ మాత్రల సంచులే ఒక లగేజీ. టూరు వాళ్లిచ్చిన కాగితంలో ‘కలకత్తా సైట్ సీయింగ్, హాఫ్ డే’ అని ఉంది. మూడొందల ఏళ్ల పైబడిన ఊరు, 1911 దాకా దేశానికి రాజధాని, దానికి హాఫ్ డే! అదీ సోమవారం. సోమవారం విక్టోరియా మెమోరియల్ లోపలి గ్యాలరీలు మూసేస్తారు. ఇండియన్ మ్యూజియమూ మూసేస్తారు, 1814లో పెట్టిన మ్యూజియం అది, మన దేశంలో దానికంటే పాతది లేదు. డబ్బు తీసుకుని తిప్పేవాడికి ఈ సంగతి తెలియదా? తెలుసు. విక్టోరియా తోటలో నిలబెట్టి పదిహేను నిమిషాలు టైమిచ్చాడు. పాలరాయి ముందు ఫోటోలు దిగి, బస్సెక్కాం. మీలో ఎవరైనా వెళ్తే సోమవారం తప్పించండి, అంతే చెప్తాను. పేరు అడక్కండి, చెప్పను.

హౌరా బ్రిడ్జి మాత్రం బస్సులోంచి చూసినా సరే, నోట మాట రాదు. 1943లో తెరిచారు. నట్లు, బోల్టులు లేవు, మొత్తం రివెట్లే. ఆ సాయంత్రం మా ఆవిడా నేనూ గుంపులోంచి తప్పుకుని, నది కిందినుంచి పోయే మెట్రో ఎక్కాం. 2024లో వచ్చింది అది. మనకి పైన హుగ్లీ నది, కింద మనం. నది దాటడానికి నలభై అయిదు సెకన్లు. మా ఆవిడ ఆ నలభై అయిదు సెకన్లూ కళ్లు మూసుకుని పైడితల్లమ్మని తలుచుకుంది, సొరంగంలో నీలం లైట్లు పెట్టారు, అవీ చూడలేదు.

సరే, మేఘాలయకి వస్తున్నాను.

రెండో రోజు షాపింగు. నేను షాపింగుకి వెళ్లలేదు. సియాల్దా స్టేషన్లో లోకల్ రైలెక్కి టిటాగఢ్ వెళ్లాను. ఈ యాత్రకి నేను డబ్బు కట్టిందే అందుకు. మా ఆవిడకి కూడా ఇవాళే తెలుస్తోంది, ముందు వరసలో కూర్చుంది, మీరెవరూ అటు చూడకండి.

మన తాతల తరం రంగం, అదే బర్మాలో రంగూన్, పోయింది. మన నాన్నల తరం కలకత్తా జూట్ మిల్లులకి పోయింది. మా నాన్న చీపురుపల్లిలో రైలెక్కాడు, నేను అప్పటికి పాకుతున్నానట. పదహారేళ్లు టిటాగఢ్‌లో ఒక మిల్లులో గోనె తాన్లు నేశాడు. 1855లో రిష్రాలో మొదటి మిల్లు పెట్టారు, తర్వాత హుగ్లీకి రెండు గట్లా మిల్లులే. 1947లో జనపనార పండే నేలలు చాలావరకూ అటు తూర్పు బెంగాల్లోకి పోయాయి, మిల్లులు ఇటు ఉండిపోయాయి. గోగాకు కోసి పులుసు పెట్టుకుని, కాడ చెరువులో ఊరవేసి నార తీసే జాతి మనది. ఆ గోగునార ఊరుతున్నప్పుడు చెరువు గట్టు కంపు మీకు తెలుసుగా? ముక్కు మూసుకుని బడికి పోయేవాళ్లం. టిటాగఢ్‌లో రైలు దిగి మిల్లు గోడ పక్క సందులోకి తిరగ్గానే గుప్పుమని గోనె వాసన. నేను అక్కడ ఒక్క నిమిషం ఆగిపోయాను. మా నాన్న సెలవు మీద వచ్చినప్పుడు చొక్కాలో ఉండే వాసన అది. నలభై ఏళ్లకి మళ్లీ.

నాన్న ఉన్న లైను, అదే మిల్లు కూలీల ఇళ్ల వరస, ఎక్కడో నాకు తెలియదు. అడిగితే ఒకాయన హిందీలో ‘తెలుగువాళ్లా? అటు’ అన్నాడు. ఆ సందులో ఒక ముసలమ్మ గోనెపట్టా మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. నేను బెంగాలీలో అడుగుదామని రెండు ముక్కలు కూడబలుక్కుంటుంటే ఆవిడే తలెత్తి, ‘ఏ ఊరు బాబూ?’ అంది.

‘చీపురుపల్లి కాడమ్మా.’

‘మాది బొబ్బిలి. నాను సూడనేదు. మాయమ్మ సెప్పీది.’

చూశారా! పుట్టింది అక్కడ, పెళ్లయింది అక్కడ, బొబ్బిలి మొహం చూడలేదు, అయినా ‘మాది బొబ్బిలి’. ఆ మాట తీరు ఇప్పుడు మన పిల్లల నోట వింటున్నామా? మా మనవడు ‘సూడనేదు’ అంటే వాళ్ల టీచరు ఫోన్ చేస్తుంది. మట్టి ముంతలో టీ తెప్పించింది. తాగుతుంటే అడిగింది, ‘సిరిమాను ఇంకా తిరుగుతాదా?’ అని. మన విజయనగరం పైడితల్లమ్మ జాతరలో తిప్పే మాను సంగతి. తిరుగుతాదమ్మా అన్నాను. ‘మూడుసార్లూనా?’ మూడుసార్లూ, గుడి కాణ్ణించి కోట దాకా అన్నాను. మళ్లీ చింతపండులో పడిపోయింది. పిక్కలు వేరే గిన్నెలో వేస్తోంది, ఒక్కటీ కింద పడలేదు.

నాన్న పేరు చెప్పాను. ఆవిడకి తెలియలేదు. తెలిసిందని చెప్తే కథ బాగుండును, కానీ తెలియలేదు.

బెల్లు కొట్టారు అధ్యక్షులవారు. రెండు నిమిషాలు ఇవ్వండి సార్. మేఘాలయ కదా. సోహ్రా, అదే చిరపుంజి, జోరు వాన, జలపాతం కనపడలేదు, చప్పుడు వినపడింది. మర్రి జాతి చెట్ల వేళ్లని పెనవేసి వంతెనలు పెంచుతారు, కట్టరు, పెంచుతారు. డబుల్ డెక్కర్ వంతెన చూడాలంటే మూడు వేల పైచిలుకు మెట్లు, మా మోకాళ్లకి కుదరదన్నాయి. ఖాసీల్లో ఆస్తి చిన్న కూతురికి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టచ్చు. మిగతావి ఫోటోలు, మా అబ్బాయి ఫోన్లో ఉన్నాయి, చూపిస్తాడు.

అసలు నేను వచ్చింది ఇంకొక పనికి. నాన్న పంపిన మనీఆర్డర్ కూపన్లు మా అమ్మ ట్రంకు పెట్టెలో దాచింది. కూపన్ మీద రెండు లైన్లకే చోటు. ‘వాన పడిందా. గోగు వేశారా. గుంటడికి జ్వరం తగ్గిందా.’ ఆ గుంటడు నేనే. నూట పన్నెండు కూపన్లు ఉన్నాయి, లెక్కపెట్టాను. ఇలాంటివి మీ ఇళ్లల్లోనూ ఉంటాయి. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టేటప్పుడు దయచేసి పాత కాగితాలని తగలెయ్యకండి. ఉంచుకోలేకపోతే నాకివ్వండి. ఫోటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను.

బయట టీలు పెట్టిన బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంచాను. కలకత్తా పోయినవాళ్ల పేరు, ఊరు, ఏ మిల్లో తెలిస్తే అది, రాసి వెళ్లండి. పెన్ను తాడుతో కట్టి ఉంది, పట్టుకుపోకండి.