కేబుల్‌కు ఫెర్రైట్ తగిలిస్తే పరీక్ష నెగ్గినట్టేనా?

నమస్కారం. ఎమిషన్స్ పరీక్షల (ఎలక్ట్రానిక్ పరికరం నుంచి అనవసరంగా వెలువడే రేడియో తరంగాలను కొలిచే పరీక్షల) ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. ఆ కొలత జరిగే గదిలో, అంటే ఛాంబర్‌లో, కేబుళ్లకు ఫెర్రైట్ క్లాంపులు (కేబుల్ చుట్టూ బిగించే అయస్కాంత గుణమున్న సిరామిక్ వలయాలు) తగిలించడం న్యాయమేనా, లేక కొలతను మభ్యపెట్టడమా? రెండు వైపులా గట్టిగా వాదించేవాళ్లు ఉన్నారు. నన్నడిగితే, ఆ క్లాంపు ఎవరి సొత్తో తేల్చుకోకుండా వాదనకు దిగడమే దండగ. అది పరికరంతోపాటు కొనేవారి చేతికి వెళ్తుందా, ల్యాబ్‌లోనే ఉండిపోతుందా? అక్కడికి వెళ్లే ముందు, కేబుళ్ల మీద ఇంత పట్టింపు ఎందుకో చూద్దాం.

30 మెగాహెర్ట్జ్ నుంచి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్ దాకా, పరికరం పెట్టె కన్నా దానికి వేలాడే కేబుళ్లే సాధారణంగా ఎక్కువ తరంగాలను వెదజల్లుతాయి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 మీటర్లు. అందులో పావు వంతు, అంటే యాంటెన్నా బాగా పనిచేయడానికి చాలిన పొడవు, 75 సెంటీమీటర్లు. బల్ల మీది చిన్న పెట్టె అంత పొడవు ఉండదు, దాని పవర్ కేబుల్ మాత్రం ఉంటుంది. కోరి యాంటెన్నా కట్టినా ఇంత చక్కగా కుదరదేమో!

పైగా దీనికి పెద్ద కరెంటు కూడా అక్కర్లేదు. మీటరు పొడవున్న కేబుల్‌లో 50 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మైక్రో ఆంపియర్ల కామన్ మోడ్ కరెంటు పారితే చాలు, 3 మీటర్ల దూరంలో క్షేత్ర తీవ్రత మీటరుకు సుమారు 100 మైక్రోవోల్టులకు చేరుతుంది. అమెరికాలో ఇళ్లలో వాడే డిజిటల్ పరికరాలకు అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర పెట్టిన హద్దు కూడా 100 మైక్రోవోల్టులే. అంటే ఆంపియరులో రెండు లక్షలవ వంతు కరెంటు మిమ్మల్ని పరీక్షలో ఫెయిల్ చేయగలదు.

కామన్ మోడ్ అంటే కేబుల్‌లోని తీగలన్నిటిలోనూ ఒకే దిక్కుగా పారే కరెంటు. అసలు పని చేసే కరెంటు ఒక తీగలో వెళ్లి మరో తీగలో తిరిగి వస్తుంది కాబట్టి, ఆ రెండింటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫెర్రైట్ దాని జోలికి పోదు. ఒకే దిక్కుగా పోయే కరెంటునే పట్టుకుని, అందులో కొంత శక్తిని వేడిగా మార్చేస్తుంది. అందుకే కేబుల్ మొత్తాన్ని రంధ్రంలోంచి పోనివ్వాలి. పవర్ తీగల్లో ఒక్కదాన్నే విడదీసి దూరిస్తే, కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు కోర్ (ఆ ఫెర్రైట్ వలయం) అయస్కాంతపరంగా సంతృప్తమైపోయి చేతులెత్తేస్తుంది. క్లాంపు రెండు చిప్పల మధ్య సందు మిగిలినా అంతే, ఇంపెడెన్స్, అంటే ఆ కరెంటుకు అది పెట్టే అడ్డు, బాగా పడిపోతుంది. క్లిక్‌మని శబ్దం వచ్చిందా లేదా అన్నది చిన్న విషయమేమీ కాదు.

ఇప్పుడు తెర మీద లెక్క చూడండి. కేబుల్ కామన్ మోడ్ ఇంపెడెన్స్ 150 ఓములు అనుకుందాం. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 200 ఓములిచ్చే క్లాంపు తగిలించాం. 150 కాస్తా 350 అయింది, కరెంటు 7 డెసిబెల్స్ పైచిలుకు తగ్గింది. బాగుంది కదా అని రెండోది పెడితే? 350 నుంచి 550. ఈసారి దక్కింది 4 డెసిబెల్స్ కూడా కాదు. మూడోదానికి 3 కన్నా తక్కువే. కేబుల్ నిండా పూసలదండలా క్లాంపులు గుచ్చిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. వాటిలో చివరి నాలుగైదు బరువుకు తప్ప దేనికీ పనికిరావు. దానికి బదులు ఒకే కోర్‌లోంచి కేబుల్‌ను రెండుసార్లు పోనిస్తే ఇంపెడెన్స్ దాదాపు నాలుగింతలవుతుంది. అయితే చుట్ల మధ్య కెపాసిటెన్స్ వల్ల పై ఫ్రీక్వెన్సీల్లో ఆ లాభం కరిగిపోతుంది. సమస్య 40 మెగాహెర్ట్జ్ దగ్గరైతే చుట్టు వేయండి, 400 దగ్గరైతే వద్దు.

ఆ 150 ఓములు కూడా కేబుల్ పొడవునా ఒకేలా ఉండవు. కేబుల్ మీద నిలువు తరంగాలు ఏర్పడతాయి. కరెంటు ఎక్కువగా ఉన్న చోట ఇంపెడెన్స్ తక్కువ, క్లాంపుకు పని దొరికేది అక్కడే. కరెంటు కనిష్ఠంగా ఉన్న చోట పెడితే గ్రాఫులో గీత కూడా కదలదు. పెట్టె పక్కనే పెట్టాలన్న సలహా చాలాసార్లు సరైనదే, కానీ అది సూత్రం కాదు. ఫలితం లేకపోతే ఫెర్రైట్‌ను తిట్టేముందు, దాన్ని కేబుల్ వెంట మెల్లగా జరిపి చూడండి. జరిపేటప్పుడు ఒక శిఖరం తగ్గి పక్కన మరొకటి లేవడం కూడా మామూలే. కేబుల్ అనునాద ఫ్రీక్వెన్సీ మారిందన్నమాట.

ఇక ల్యాబ్ సొంత క్లాంపుల సంగతి. పరికరం టర్న్‌టేబుల్ మీద తిరుగుతుంది. దాని కేబుళ్లు నేల కిందికి దిగి సాకెట్లకో, సహాయక పరికరాలకో చేరతాయి. కింద కేబుల్ ఎంత దూరం పోయింది, చివర ఇంపెడెన్స్ ఎంత అన్నది ప్రతి ల్యాబ్‌లోనూ వేరు. అందువల్ల అదే పెట్టెకు, అదే కేబుల్‌కు రెండు చోట్ల రెండు రకాల అంకెలు వస్తాయి. కేబుల్ నేలలోకి దిగే చోట క్లాంపు పెడితే కింది గందరగోళం పైకి కనిపించదు. రేడియో జోక్యం మీద ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కమిటీ సిస్పర్, సమాచార సాంకేతిక పరికరాలకు అప్పట్లో ఉన్న ప్రమాణం సిస్పర్ 22ను సవరించే రోజుల్లో దీని మీద పెద్ద వాదనే నడిచింది. వినియోగదారుడి ఇంట్లో ఇలాంటి క్లాంపు ఉండదు కదా అన్నది ప్రధాన అభ్యంతరం. నేను దాన్ని ఒప్పుకోను. ఛాంబర్ ఎవరి ఇంటినీ పోలి ఉండదు. అక్కడ కావలసింది రెండు ల్యాబ్‌ల అంకెలు కలవడం. కాకపోతే, సొరుగులో చేతికందిన క్లాంపును తగిలిస్తే ఆ ఏకరూపత రాదు. సిస్పర్ 16 ఈ పనికి వాడే కామన్ మోడ్ శోషక సాధనాలకు కొలవదగ్గ లక్షణాలు నిర్దేశించింది అందుకే.

గృహోపకరణాల పరీక్షలో వాడే అబ్జార్బింగ్ క్లాంప్ వేరు, దీంతో కలిపేయకండి. అందులోనూ ఫెర్రైట్ వలయాలుంటాయి కానీ అది కొలిచే సాధనం. 30 నుంచి 300 మెగాహెర్ట్జ్ వరకు, గరిష్ఠ విలువ దొరికేదాకా దాన్ని కేబుల్ వెంట జరుపుతారు. 30 దగ్గర సగం తరంగదైర్ఘ్యమే 5 మీటర్లు కాబట్టి, క్లాంపు పొడవుతో కలిపి దాదాపు 6 మీటర్ల కేబుల్ కావాలి.

మరి పరికరం సొంత కేబుల్ మీద, బల్ల దగ్గర పెట్టే క్లాంపు? నేరం ఎక్కడి నుంచో కనిపెట్టడానికైతే దానికి మించింది లేదు. ఒక్కో కేబుల్‌కే తగిలించి చూడండి, మళ్లీ తీసేయండి. ఏది పెడితే శిఖరం పడిందో ఆ పోర్టు దగ్గర బోర్డులో లోపం ఉందని అనుమానించవచ్చు. కానీ దాన్ని అలాగే ఉంచి ఫలితం రాసుకుంటే, ఇకపై అది ఉత్పత్తిలో భాగం. ఎఫ్‌సీసీ నిబంధనల్లోని పార్ట్ 15 అయితే, హద్దులు దాటకుండా ఉండటానికి ప్రత్యేకమైన కేబుల్ వంటి ఉపకరణం అవసరమైతే దాన్ని పరికరంతోపాటే అమ్మాలంటుంది. కాబట్టి రిపోర్టులో క్లాంపు ఏ కేబుల్ మీద, పెట్టె నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో, ఎన్ని చుట్లతో ఉందో రాయించండి, ఫొటో కూడా పెట్టించండి. విడిభాగాల జాబితాలో దాని మోడల్ నంబరు చేర్చండి. కొనుగోలు విభాగం వచ్చే ఏడాది చవకైనది తెస్తానన్నప్పుడు చూపించడానికి అదొక్కటే మీ దగ్గర ఉంటుంది.