ఏమీ లేదు మేడం

శ్రోతలందరికీ నమస్కారం.

బడిలో కౌన్సెలర్‌గా చేరిన కొత్తలో నాకొక గది ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారి గదికి ఆనుకుని ఉండేది. బయట బోర్డు, లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు. మూడు వారాలు కూర్చున్నాను. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఎలా వస్తారు? ఆ వరండాలో నిలబడ్డ పిల్లాడు ఏదో తప్పు చేసినట్టే లెక్క. పైగా పిల్లలు నా గదికి అప్పటికే పేరు పెట్టేశారు, 'పిచ్చి డాక్టరు గది' అని. ప్రిన్సిపాల్ గారిని బతిమాలి మెట్ల కింద ఖాళీగా ఉన్న గదికి మారాను. గుమ్మం లోపల మట్టికుండ పెట్టించి, రోజూ నీళ్లు నింపించాను. ఎండాకాలం కదా, నీళ్ల కోసం వచ్చేవాళ్లు. గ్లాసు పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసేవాళ్లు. కొందరు దాహం లేకపోయినా రెండో గ్లాసు ముంచుకునేవాళ్లు. నా ఉద్యోగం నిజానికి ఆ రెండో గ్లాసు దగ్గర మొదలైంది.

'సైకాలజీ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది మేడం' అని అడిగే డిగ్రీ పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఈ మాటలు వాళ్లకోసం, 'అదేం చదువే?' అని విసుక్కునే వాళ్ల అమ్మానాన్నల కోసం కూడా.

మన పిల్లలు 'నాకు డిప్రెషన్‌గా ఉంది' అంటూ రారు. ఫోన్లలో వీడియోలు చూసి ఆ మాట నేర్చుకున్నవాళ్లు అంటారనుకోండి, అది వేరే కథ. మిగతావాళ్లు కడుపునొప్పి అంటారు, తల తిరుగుతోందంటారు. ఏమైంది నాన్నా అని అడిగితే 'ఏమీ లేదు మేడం' అంటారు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు సోమవారం వచ్చిందంటే చాలు, కడుపు పట్టుకునేవాడు. డాక్టరు చూసి ఏ జబ్బూ లేదన్నాడు. టీచర్లు నాటకం అన్నారు. వాళ్ల నాయనమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. నేను వాణ్ణి నొప్పి గురించి ఎక్కువ అడగలేదు. వాడు పెంచుతున్న పావురాల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఐదో సోమవారం గ్లాసు కింద పెడుతూ, తలెత్తకుండా, 'ఈ రోజు కూడా ప్రేయర్‌లో మార్కులు చదువుతారా?' అన్నాడు.

వాడి నొప్పి నిజమే. భయమేస్తే కడుపులో దేవినట్టు ఉంటుందని మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పారు. ఆ తర్వాత వాడికి నేను చేసింది తక్కువ. ప్రేయర్‌లో మార్కులు చదవడం మాన్పించడానికే ఎక్కువ తిరిగాను. రెండు టర్ములు పట్టింది.

ఈ పనిలోకి వచ్చినవాళ్లు మొదట తడబడేది ఒట్టు దగ్గర. 'ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి మేడం' అని పిల్ల చెయ్యి చాస్తుంది. వెయ్యకూడదు. ఆ పిల్లమీద ఎవరైనా లైంగికంగా చెయ్యి వేశారని తెలిస్తే, 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ప్రాణం మీదికి వచ్చే మాటైతే ఇంట్లోవాళ్లకు చెప్పాలి. అందుకే మొదటి రోజే, నీ మాటలు నా దగ్గరే ఉంటాయి, ఈ రెండూ తప్ప అని చెప్పేస్తాను. 'బతకాలని లేదు' అని ఎవరైనా అంటే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకోవడమే నేను చూశాను. ఆ తర్వాత పిల్లను ఒంటరిగా వదలకుండా సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. జబ్బుకు పేరు పెట్టడం, మందు రాయడం బడి కౌన్సెలర్ పని కాదు. ఈ మాటలు వింటున్నవాళ్లలో ఎవరికైనా మనసు బరువుగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక చదువు. సైకాలజీలో పీజీ చేయాలి. ఉస్మానియాలో ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉంది. ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. పిల్లాడి ఇంటికి వెళ్లి గడపలో కూర్చుని మాట్లాడటం వాళ్లకు వచ్చినట్టు మాకు రాదు. సైకాలజీని దూరవిద్యలో చెప్పకూడదని యూజీసీ 2025 విద్యా సంవత్సరం నుంచి ఆపేసింది కాబట్టి, ఇంట్లో కూర్చుని కొత్తగా ఆ డిగ్రీ తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబితే డబ్బు కట్టకండి. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే దారి ఇంకా పొడుగు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర సంస్థ గుర్తింపు ఉన్న కోర్సు చేసి అందులో పేరు నమోదు చేయించుకోవాలి.

ఉద్యోగాలున్నాయా అంటే, ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి న్యాయం కోసం ఢిల్లీ దాకా వెళ్లాడు. ఆ కేసులో 2025 జులై 25న వచ్చిన తీర్పు, వందమంది, ఆ పైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ ఇది వర్తిస్తుంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం కూడా వీలైనంతవరకు వద్దంది. ఈ రెండో మాట అమలైతే నా దగ్గరికి వచ్చేవాళ్లు సగం తగ్గుతారని నా లెక్క. వారం పరీక్షలో మార్కులు తగ్గి సెక్షన్ మారిన పిల్ల పరుపుచుట్ట, ట్రంకుపెట్టె మోసుకుంటూ పక్క బ్లాకుకి నడవడం ఒక్కసారి చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

జీతం విషయంలో మాత్రం ఆశలు పెట్టుకోకండి. ప్రైవేటు బళ్లలో లెక్కల మాస్టారికి ఇచ్చినంత మాకు ఇవ్వరు. నేను పనిచేసిన ఒక బడిలో ఏ టీచరు సెలవు పెట్టినా ఆ క్లాసుకు నన్నే పంపేవారు. వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పారు. క్లాసులో అల్లరి చేసినవాణ్ణి 'మేడం దగ్గరికి పంపిస్తా' అని నా పేరు చెప్పి బెదిరించేవారు. అలా బెదిరించిన చోట ఇంకెవరూ తమంతట తాము రారు. ఆ చివరిదానికే నేను గట్టిగా పోట్లాడాను.

మొన్న, నా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన అమ్మాయి కొత్త ఉద్యోగంలో చేరి ఫోన్ చేసింది. 'మేడం, మంచి గది ఇచ్చారు, ఏసీ కూడా ఉంది. నెలైంది, పిల్లలే రావట్లేదు' అంది. గది ఎక్కడమ్మా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, 'ఈ కాలంలో మట్టికుండ ఎక్కడ దొరుకుతుంది మేడం?' అంది.

ఉంటాను, నమస్కారం.