ఎరేజ్ నొక్కే ముందు ఒక్క విలువ రాసుకోండి: పిక్‌కిట్ 2 రివ్యూ

నమస్కారం. బల్ల మీద ఉన్నది పిక్‌కిట్ 2, చిప్పులోకి ప్రోగ్రాం ఎక్కించే పరికరం. దీన్నే ప్రోగ్రామర్ అంటారు. పాతది, నిజమే. మైక్రోచిప్ కంపెనీ దీని తరువాత 3, 4 కూడా తెచ్చింది. అయినా పిక్ 12ఎఫ్675 లాంటి ఎనిమిది కాళ్ల చిప్పుతో పని పడితే నా చెయ్యి దీని మీదికే పోతుంది.

ముందు నా తెలివితక్కువ పని చెప్పాలి. చవకగా దొరికిన మరో ప్రోగ్రామర్‌తో, పేరెందుకు లెండి, ఈ చిప్పును శుభ్రంగా ఎరేజ్ చేశాను. మళ్లీ ప్రోగ్రాం ఎక్కించాను. వెరిఫై కూడా అయింది. ఎల్ఈడీ మాత్రం వెలగలేదు. రెండు గంటలపాటు టంకం అతుకులే వెతికాను.

తప్పు అక్కడ లేదు. ఈ చిప్పులో ఫ్లాష్, అంటే ప్రోగ్రాం ఉండే మెమరీ, 1024 పదాలు (గడులు). చివరిది, అంటే హెక్స్ లెక్కలో 3ఎఫ్ఎఫ్ చిరునామాలో ఉన్నది, మనది కాదు. చిప్పుకు వేగాన్నిచ్చే గడియారం లాంటి లోపలి 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌ను సరిచేసే విలువను ఫ్యాక్టరీలోనే అక్కడ రాసి పంపుతారు. తెర మీద చూడండి: 3454. ముందున్న 34కు అర్థం, ‘ఈ విలువ తీసుకుని వెనక్కి వెళ్లు’ అని. ఎరేజ్ అయ్యాక అక్కడ 3ఎఫ్ఎఫ్ఎఫ్ మిగులుతుంది. అది ఉత్త కూడిక ఆదేశం. విలువ కోసం వెళ్లిన ప్రోగ్రాం వెనక్కి రాదు, చివర దాటి సున్నా దగ్గర పడుతుంది. మళ్లీ మొదటి నుంచి, మళ్లీ అక్కడికే. గానుగెద్దే!

ఇక కోడ్ ప్రొటెక్షన్, అంటే ప్రోగ్రాంను ఇతరులు చదవకుండా వేసే తాళం. ఈ తాళం చదవనివ్వదు, అంతే, చెరపడాన్ని ఆపదు. తాళం వేసిన చిప్పును చదువుతున్నాను: వరుసగా సున్నాలు. కానీ చివరి గడి చూడండి, 3454 అలాగే కనిపిస్తోంది. అది తాళం పరిధిలోకి రాదు. తాళం తీయాలంటే మాత్రం మొత్తం ఎరేజ్ చేయడమొక్కటే దారి. ప్రోగ్రాంతో పాటు ఈఈప్రామ్ (డేటా దాచుకునే మెమరీ)లో ఉన్నదీ, ఆ విలువ కూడా పోతాయి. అందుకే ముందే చదివి కాగితం మీద రాసుకోండి.

పిక్‌కిట్ 2 నాకు నచ్చేది ఇక్కడే. రాసేటప్పుడు ఆ విలువను ముందే చదివి దాచుకుంటుంది, ఎరేజ్ అయ్యాక తిరిగి రాస్తుంది. ఇప్పటికే పోగొట్టుకున్నారా? టూల్స్ మెనూలో ఆ విలువను మళ్లీ తయారుచేసే ఆటో రీజెనరేట్ ఉంది. చిప్పును బోర్డు నుంచి తీసి విడిగా పెట్టండి. లోపలి ప్రోగ్రాం పోతుందని గుర్తుంచుకోండి.

లోపాలూ ఉన్నాయి. కొత్త చిప్పులను ఇది గుర్తుపట్టదు. ఇంకొకటి, ఇది చిప్పు స్వభావమే గాని ప్రోగ్రామర్ తప్పు కాదు: 3.3 వోల్టుల బోర్డు మీద ఉంచి మొత్తం ఎరేజ్ చేయబోతే లొంగదు, కనీసం 4.5 వోల్టులు కావాలి.

నా పాత చిప్పుకే రీజెనరేట్ నొక్కుతున్నాను. అయింది. ప్రోగ్రాం ఎక్కిస్తున్నాను... అదిగో, ఎల్ఈడీ మెరుస్తోంది.