కుర్చీని బోర్లించి చూడాలి

అందరికీ నమస్కారం.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో వడ్రంగుల సంఘం ఏటా ఒక ప్రదర్శన పెట్టేది. 1949 ప్రదర్శనలో హాన్స్ వేగ్నర్ అనే డిజైనర్ గీసిన కుర్చీ ఒకటి ఉంది. చేసింది యొహానెస్ హాన్సెన్ కార్ఖానా. చేతులూ వీపూ కలిసిపోయి ఒకే వంపుగా తిరిగే కుర్చీ అది. వీపు ఆనించే చోట పేము చుట్టారు. చూస్తే సింగారం అనిపిస్తుంది. నిజానికి చెక్కలు కలిసే అతుకు అక్కడుంది, అది కంటపడకూడదని చుట్టారు. కొంతకాలానికే వేగ్నర్ మనసు మార్చుకున్నాడు. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పళ్లుపళ్లుగా కోసిన అతుకు పెట్టించి, పేము తీసేశాడు. నిన్నటిదాకా దాచింది ఎదురుగా వచ్చి కూర్చుంది. 1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడ్డ కెనడీ, నిక్సన్ టీవీ చర్చకు వాడినవి ఈ కుర్చీలే. అందరూ ఆ ముచ్చటే చెబుతారు. నాకు మాత్రం అతుకు ముచ్చటే ఇష్టం.

నేను పాత ఫర్నిచర్ బాగుచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఫర్నిచర్ చేసిన డెన్మార్క్ వాళ్లలో ఎవరి పని గట్టిది?" ఒకాయన నీల్స్ వోడర్ అనే వడ్రంగి పేరు చెబితే పక్కనాయన ఒప్పుకోడు. ఇంకొకాయన అసలు ఇదంతా అమెరికా వాళ్లు ఊదిన బుడగ అంటాడు. అందరి దగ్గరా ఎంతో కొంత నిజం ఉంది. కానీ ముగ్గురూ మాట్లాడేది మూడు వేర్వేరు సంగతుల గురించి.

ఈ గొడవ కొత్తదేం కాదు, డెన్మార్క్‌లోనే పుట్టింది. కోరె క్లింట్ అనే డిజైనర్ 1924లో అక్కడి రాయల్ అకాడమీ అనే కళాశాలలో ఫర్నిచర్ పాఠశాల మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి కొలతల పద్ధతి. బీరువాలో ఏ సామాను ఎంత చోటు తీసుకుంటుందో కొలిచి, ఆ తర్వాతే బీరువా గీయమనేవాడు. ఆ బడి గాలి వీస్తున్న రోజుల్లో ఫిన్ యూల్ వచ్చాడు. ఈయన వాస్తుశిల్పి, వడ్రంగం నేర్చినవాడు కాదు. 1940లో ఈయన పెలికాన్ కుర్చీని చూసి ఒక విమర్శకుడు "అలసిపోయిన వాల్రస్" అని, అంటే కోరలున్న సముద్ర జంతువు అని వెక్కిరించాడు. యూల్ గీసిన వంపులను చెక్కలోకి దించినవాడు నీల్స్ వోడర్. ఉలి పట్టని మనిషి గీసిన గీతను ఉలి పట్టిన మనిషి నిలబెట్టాడు. ఇప్పుడు చెప్పండి, ఆ కుర్చీలో నాణ్యత ఎవరిది?

వేగ్నర్ దగ్గరికొస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఆయన చెప్పులు కుట్టే ఆయన కొడుకు, చిన్నప్పుడే వడ్రంగి దగ్గర పని నేర్చుకున్నాడు. 1951లో ఆయన నమూనాలను కలిసి అమ్ముకోవడానికి ఐదు కంపెనీలు సేలెస్కో అనే ఏర్పాటు చేసుకున్నాయి. కుర్చీలు కార్ల్ హాన్సెన్, మెత్తలు కుట్టినవి ఏపీ స్టోలెన్, బల్లలు ఆండ్రియాస్ టక్, అరమరలు ర్యూ మోబ్లర్, మంచాలూ సోఫాలూ గెటామా. ఈ గెటామా పేరు వెనక గేడ్‌స్టెడ్ అనే ఊళ్లో సముద్రపు గడ్డితో పరుపులు చేసిన ఫ్యాక్టరీ ఉంది! పరుపుల వాళ్లకూ బల్లల వాళ్లకూ ఒకే చెయ్యి ఉండదు కదా. "వేగ్నర్ క్వాలిటీ" అని ఒక్క మాటలో ఎవరైనా తేల్చేస్తే, వీళ్లలో ఎవరి గురించి అని ఎదురు అడగండి.

ఇక ఫ్యాక్టరీల మీద ఉన్న చిన్నచూపు గురించి. చేతిపని అంటే గొప్ప, మెషిన్ అంటే తక్కువ అని మనకు ముందే మనసులో పడిపోయింది. ఫ్రాన్స్ అండ్ సన్ కథ వినండి. చార్లెస్ ఫ్రాన్స్ అనే ఇంగ్లీషాయన డెన్మార్క్‌లో పెట్టిన కంపెనీ అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆసియా టేకు దండిగా దొరికింది. టేకు మన వడ్రంగులకు కొత్త కాదు, ఇంగ్లీషు వాళ్లకు ఆ పేరు కూడా మలయాళం మాట పోర్చుగీసు నోటిమీదుగా వెళ్లిందే. టేకులో సిలికా ఉంటుందనీ, రంపం పళ్లు ఇట్టే మొద్దుబారిపోతాయనీ మన దగ్గర చిత్రిక పట్టిన ఎవరినడిగినా చెబుతారు. అక్కడి ఫ్యాక్టరీ యంత్రాలకూ అదే తలనొప్పి. ఈ కంపెనీ టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన మొనలున్న పనిముట్లు తెచ్చి టేకు చెక్కలను వేలకొద్దీ కోసింది. కుర్చీలను విప్పి, పెట్టెల్లో సర్ది, ఓడలెక్కించింది. ఫిన్ యూల్, గ్రెటె యాల్క్ లాంటివాళ్లు వీళ్లకు నమూనాలు గీశారు. వోడర్ దగ్గర పుట్టిన వంపు వీళ్ల దగ్గర కాస్త సరళమైన మాట నిజం. అయితే మరలు విప్పితే ఊడివచ్చే కుర్చీని బాగుచేయడం నాకు చాలా తేలిక. ఆ మాటకు నేను వాళ్లకు మార్కులు వేస్తాను, చేతిపని భక్తులు ఏమనుకున్నా సరే.

వేగ్నర్ గీసిన విష్‌బోన్ కుర్చీదీ ఇదే కథ. 1950 నుంచీ కార్ల్ హాన్సెన్ ఫ్యాక్టరీ చేస్తున్నదే. సీటు అల్లడానికి 120 మీటర్ల దాకా కాగితం తాడు పడుతుంది. కాగితమా అని మొహం చిట్లిస్తారు మనవాళ్లు. గట్టిగా పురిపెట్టిన ఆ తాడు ఏళ్ల తరబడి మోస్తుంది, సాగిపోతే కోసేసి మళ్లీ అల్లుకోవచ్చు. మన నవారు మంచం ఎప్పుడో సడలుతుందని ఎవరైనా దాన్ని నాసిరకం అన్నారా?

బోర్గె మోగెన్సెన్ అనే డిజైనర్ గీసిన జె39 కుర్చీ ఇంకో దారి. 1947లో ఎఫ్‌డీబీ అనే వినియోగదారుల సహకార సంఘం కోసం చేశాడు. మామూలు ఇళ్లకు అందాలని బీచ్ చెక్క, కాగితం తాడు, నాలుగు కాళ్లు. అంతే. దీన్ని యొహానెస్ హాన్సెన్ కుర్చీ పక్కన పెట్టి "తేలిక పని" అనేవాళ్లను నేను చూశాను. అనుకున్న ఇంటికి, అనుకున్న ధరకు చేసిన వస్తువును వేరే మనిషి కొలతతో కొలవడం ఏం న్యాయం?

వెనీర్ గురించి ఒక్క మాట. పైన పల్చటి టేకు రేకు అతికిస్తే మోసం అని మన దగ్గర బలంగా నమ్ముతారు. వెడల్పాటి నిండు పలక వానకు ఉబ్బి, ఎండకు బిగిసి వంకరపోతుంది. వెనీర్ వేసిన పలక అంతగా కదలదు. మంచి కార్ఖానాలు అందుకే వెనీర్ వేశాయి. అంచుల్లో గట్టి చెక్క పట్టీ ఉందా, సొరుగు మూలల్లో డవ్‌టెయిల్, అంటే పావురం తోకలా వెడల్పయ్యే పళ్లు, కోసి కలిపారా, వీపు పలకకు కూడా పాలిష్ పట్టిందా, ఇవి చూడాలి. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుండే సైడ్‌బోర్డులు డెన్మార్క్ ముద్రతోనూ వచ్చాయి, నా కంటబడ్డాయి.

ఒకసారి ఒకావిడ ఒక పేరున్న కార్ఖానా డైనింగ్ కుర్చీ తెచ్చారు, కార్ఖానా పేరు చెప్పను. వెనక కాలు కదులుతోంది. "ఇదేనా మీ గొప్ప పని?" అని ఆవిడ నన్ను నిలదీశారు, అదేదో నేనే చేసినట్టు. విప్పితే తెలిసింది. అందులో చెక్క కొసనే చెక్కి బెజ్జంలో దూర్చే కుసి కాకుండా, విడిగా చేసి దూర్చిన గుండ్రటి డోవెల్ పుల్లలున్నాయి, అది కార్ఖానా నిర్ణయం. కానీ నాకు ముందు దాన్ని బాగుచేసినతను ఎపాక్సీ అనే రసాయన జిగురు పోసి, పక్క నుంచి రెండు మరలు బిగించాడు, అక్కడే కాలు చీలింది. పాత జంతు జిగురైతే వేడికీ తడికీ లొంగి వదిలేది, ఎపాక్సీ వదలదు. డోవెల్ పెట్టినందుకు కార్ఖానాకు సగం తప్పు వేశాను, మిగతా సగం ఆ మరలకు. ఆవిడ మాత్రం మొత్తం డెన్మార్క్ మీదే వేసి వెళ్లారు.

ఇక్కడ బల్ల మీద ఒక కుర్చీ పెట్టాను. ముద్ర లేదు, చీటీ ఊడిపోయింది, ఎవరు చేశారో నాకూ తెలీదు. టీ తాగుతూ ఒక్కొక్కరూ వచ్చి బోర్లించి చూడండి. సీటు తాడు చివరి కొస ఎక్కడ కట్టారో, చేతులు ఎక్కడ అతికారో పట్టుకోండి. కాస్త మెల్లగా, ముందరి ఎడమ కాలికి నిన్ననే జిగురు పెట్టాను.